లేవనన్న సర్వరు, లేపనన్న ఆగక్క

“అయితే ఆ పసివాళ్లందరికీ మళ్లీ మడమల మీద గుచ్చాల్సిందేనా అక్కా?”

నేనీ మాట అన్నప్పుడు ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటోంది. ఒక అద్దం తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, తృప్తిపడి, రెండోది మొదలుపెట్టింది. ఆ ఉదయం మా ల్యాబులో కంగారుపడకుండా కదులుతున్నది ఆ గుడ్డముక్క ఒక్కటే.

“గుచ్చాలని ఎవరన్నారు?” అంది.

“ఎవరూ అనలేదు. నాకే అనిపించింది.”

“నీకు అనిపించినవన్నీ జరిగేట్టయితే తమ్ముడూ, ఈ మేడ ఎప్పుడో కూలి ఉండాలి. మీ పాపాయికి రాని జబ్బంటూ ఉండకూడదు. ఆగు.”

ఈ “ఆగు” వల్లే ఆవిడ ఆగక్క అయింది. అసలు పేరు జీతాల కాగితంలో భద్రంగా ఉంటుంది. ల్యాబు ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి అందరికీ ఆగక్కే. పెద్దసారు మాత్రం ఎదురుగా మేడమ్ అని, గుమ్మం దాటగానే ఆగక్క అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. “ఏమని పిలిస్తేనేం, నేను వచ్చేది నా నడకనే కదా” అంటుంది.

మాది అప్పుడే పుట్టిన పిల్లల రక్తం పరీక్షించే ల్యాబు. ఆసుపత్రుల్లో నర్సులు బిడ్డ మడమ మీద చిన్న సూదితో గుచ్చి, మందపాటి కార్డు మీద నెత్తుటి చుక్కలు అద్ది, ఆరబెట్టి మాకు పంపుతారు. మేం ఆ చుక్కల్లోంచి చిన్న బిళ్లలు కత్తిరించి మిషన్లలో వేస్తాం. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బుల్ని ఆ వయసులోనే పసిగడితే ఒక మాత్రతోనో, పాలు మార్చడంతోనో బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారుతుంది. మిషన్లు తేల్చిన అంకెలన్నీ నేరుగా వెళ్లి సర్వరులోని డేటాబేసులో కూర్చుంటాయి. రిపోర్టులు అక్కడినుంచే ఆసుపత్రులకి వెళతాయి.

ఆ శుక్రవారం ఉదయం ఆ డేటాబేసు లేవనంది.

కాపీ లేదా అని మీరు అడుగుతారు. ఉంది. ఆదివారం నాటిది. రోజూ కాపీ దాచే డిస్కు సోమవారం నిండిపోయింది. కొత్తది కొనమని ఆగక్క పెట్టిన అర్జీ పెద్దసారి బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద, గాలికి ఎగరకుండా క్షేమంగా ఉంది. అంటే సోమవారం నుంచి వచ్చిన ఫలితాలన్నీ ఆ ఒక్క సర్వరు పెట్టెలోనే ఉన్నాయి. కార్డుల మీది చుక్కలు చాలావాటికి పరీక్షల్లోనే అయిపోయాయి. ఆ అంకెలు పోతే ఎక్కడెక్కడి తల్లులనో మళ్లీ పిలిపించాలి, ఆ పిల్లలకి మళ్లీ గుచ్చాలి, మళ్లీ రోజుల తరబడి ఆగాలి. అప్పటికి నా కూతురికి ఏడు నెలలు. తనకి మడమ మీద గుచ్చిన రోజున తను కాసేపు ఏడ్చి ఊరుకుందనీ, నన్ను ఊరుకోబెట్టడానికే ఎక్కువసేపు పట్టిందనీ మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతూ ఉంటుంది. 

జరిగింది ఇది. వైరింగు పని కోసం కాసేపు కరెంటు తీస్తామని ముందే చెప్పారు. తాను వచ్చి సర్వరుని పద్ధతిగా ఆపాకే తీయాలని ఆగక్క కూడా ముందే చెప్పింది. కానీ ఎలక్ట్రీషియన్ చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. ఎలక్ట్రీషియన్ ముందుగా రావచ్చునన్న ఊహ మాలో ఎవరికీ లేకపోయింది కాబట్టి ఆ ప్రమాదానికి మా దగ్గర ఏర్పాటూ లేదు. బ్యాటరీ కొంతసేపు మోసి చేతులెత్తేసింది. కరెంటు తిరిగి వచ్చింది, పెట్టె మోగింది, ఫ్యాన్లు తిరిగాయి. డేటాబేసు మాత్రం “మొదలవుతోంది” అని చూపించడమే తప్ప మొదలవలేదు.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఏ ఫలితమైనా తేడాగా కనిపిస్తే మేం నమ్మం. మళ్లీ చేస్తాం. మళ్లీ అలాగే వస్తే మూడోసారి చేసి, మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాం. డేటాబేసు లేవలేదన్నదీ ఒక ఫలితమే కదా. కనుక దాన్ని ఆపి మళ్లీ స్టార్ట్ చేశాం. లేవలేదు. చేసేవాళ్ల చేతిని బట్టి తేడా ఉండొచ్చని మా సీనియర్ టెక్నీషియన్, మేమంతా వదినా అని పిలిచే ఆవిడ, నన్ను లేపి తాను కూర్చుని చేసింది. లేవలేదు. ఆ తర్వాత పెద్దసారు వచ్చి స్వయంగా చేశారు. మూడు ప్రయత్నాల్లోనూ ఒకే ఫలితం. ఇది చాలా నమ్మదగిన వైఫల్యమని ముగ్గురం ఒప్పుకున్నాం.

అప్పుడు వచ్చింది ఆగక్క. వచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది.

ఆవిడ ఈ ల్యాబులోకి రిపోర్టులు టైపు చేయడానికి వచ్చింది. కంప్యూటర్లు దిగిన రోజున ఎవరూ వాటి జోలికి పోకుండా చుట్టూ నిలబడితే, “మీకు టైపు వచ్చు కదా, చూసుకోండి” అన్నారట అప్పటి పెద్దసారు. ఆ అర్హతతో మొదలైన ఉద్యోగం. ఆ తర్వాత సాయంత్రాలు క్లాసులకి వెళ్లి నేర్చుకుంది, పరీక్షలు రాసింది, ఇప్పుడు సర్వర్లన్నిటికీ ఆవిడే దిక్కు. ఆ విషయంలో వినయం అస్సలు లేదు. “నేను లేకపోతే మీ మిషన్లు కాలిక్యులేటర్లు” అంటుంది, అదీ మిషన్లు అమ్మే కంపెనీవాళ్ల ముందే.

ఆవిడకి తొందర తెలియదు. ఇంట్లో కిటికీకి ఎండ రాకుండా కర్టెను గుడ్డ ఎంచుకునేలోపు ఎదురుగా ఇంకో మేడ లేచి, కర్టెను అవసరమే లేకుండా పోయిందట. పెళ్లికి సరేననడానికి ఏడాది తీసుకుంది. వాళ్లాయన స్కూలు బస్సు నడుపుతాడు. “ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా ఏమైంది అని అడగలేదయ్యా మనిషి. ఇతనితో పడొచ్చు అనుకున్నా” అంటుంది. అడగడానికి భయపడ్డానని ఆయన వేరుగా చెప్పాడు. వాళ్ల అత్తగారు మాత్రం అన్నం ఉడుకుతుంటే మాటిమాటికీ మూత తీసి చూసే మనిషి. “ఇరవయ్యేళ్లు పలుకు మెతుకులే తిన్నాం. మూత మీద నేను చెయ్యి వేసిన రోజున ఇంట్లో యుద్ధమే జరిగింది” అని ఆగక్క చెబుతుంది. ఇప్పుడా అత్తగారు మూత జోలికి పోదట. పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని, మూత వైపు చూస్తూ కూర్చుంటుందట.

ఆ వేళ కళ్లద్దాలు పెట్టుకున్నాక మమ్మల్ని వరసగా నిలబెట్టి అడిగింది.

“చివరగా ఎప్పుడు బాగుంది?”

“కరెంటు పోయే ముందు” అంది వదిన.

“తర్వాత ఎవరు ముట్టుకున్నారు?”

“ఎవరూ ముట్టుకోలేదు” అన్నారు పెద్దసారు.

“ఎవరూ లేరంటే ముగ్గురన్నమాట. ఎలా ముట్టుకున్నారు?”

నేను చెప్పాను. చెయ్యి మార్చి చూసిన సంగతితో సహా. ఆవిడ విని, మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

“మూడుసార్లు చేసి సగటు కూడా తీశారా?”

“తీయలేదు” అంది వదిన, కొంచెం నొచ్చుకుని.

“అదొక్కటీ మిగిల్చారు, సంతోషం.”

సర్వరు గది ఒకప్పుడు చీపుర్లు పెట్టుకునే కొట్టు. చలిగా ఉంటుంది, ఫినాయిలు వాసన ఇంకా పోలేదు, తలుపు పిడి పట్టి పైకెత్తితే తప్ప తెరుచుకోదు, మూసుకోదు. ఆగక్క, వాళ్లాయనవి ఉన్ని సాక్సులు తొడుక్కుని, శాలువా కప్పుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని పీట మీద కూర్చుంది. అలా కూర్చుంటే సర్వరుకి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషిలా ఉంటుంది.

“ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తీస్తా. పాడైందో బాగుందో తర్వాత సంగతి. ఎక్కడైనా ఖాళీ డిస్కు ఉందా?”

పెద్దసారు తన సొంత డిస్కు తెచ్చారు. “ఇందులో మా విహారయాత్ర ఫోటోలున్నాయి. వాటికేం కాదు కదా?”

“వాటికి ఇంకో కాపీ ఉందిగా సార్?”

పెద్దసారు డిస్కుని రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా ఆవిడ చేతిలో పెట్టారు.  

కాపీకి బాగా పట్టింది. ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. ఒక ఆసుపత్రి నర్సు పదేపదే చేసింది. ఒక బిడ్డ సరిగా పాలు తాగడం లేదు, ఎప్పుడూ మగతగా ఉంటోంది, మా రిపోర్టు చూశాకే మందు సంగతి తేలుస్తామని డాక్టరు అంటున్నారు. ఆ కార్డు తీసి చూశాను. చుక్కలు ఉండాల్సిన చోట అన్నీ చిల్లులే. ఆ బిడ్డ ఫలితం ఉంటే ఆ పెట్టెలో ఉంది, లేకపోతే లేదు.

పెద్దసారు గుమ్మంలోకి వచ్చారు. “మేడమ్, ఆదివారం కాపీ పెట్టేద్దాం. కనీసం కొత్త పరీక్షలు నడుస్తాయి. ఫలితాలు పోయిన పిల్లలవి మళ్లీ శాంపిళ్లు తెప్పిద్దాం.”

“పోయాయని తెలిశాక అలాగే చేద్దాం సార్.”

“ఎప్పటికి తెలుస్తుంది?”

“మధ్యాహ్నం భోజనాల దాకా టైమివ్వండి.”

“ఆ తర్వాత పాత కాపీయే” అని వెళ్లిపోయారు. ఆయన్ని అనడానికీ లేదు. ఫోన్లన్నీ ఎత్తాల్సింది ఆయనే.

కాపీ అయ్యాక ఆగక్క డేటాబేసుని స్టార్ట్ చేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తెర మీద ఒక అంకె మెల్లగా పెరగసాగింది. పెట్టె ముందున్న చిన్న దీపం ఆగకుండా మిణుకుమంటోంది.

“చూశావా. కరెంటు పోగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసింది. లేవగానే ముందు ఆ వదిలేసినవి సర్దుకుంటుంది. ఇల్లు సర్దుకున్నాకే తలుపు తీస్తుంది. మీరేమో సర్దుతున్న మనిషిని రెక్క పట్టి బయటికి ఈడ్చి, మళ్లీ లోపలికి తోశారు. మళ్లీ మొదట్నుంచి మొదలు.”

“అంటే చెడిపోలేదా?”

“చెడిపోయిందని చెప్పలేదు, చెడిపోలేదనీ చెప్పలేదు. రోజుకి నాలుగుసార్లు ఇంటికి ఫోను చేస్తావు, ఇవాళ చేశావా?”

“లేదు.”

“ఒంట్లో బాగానే ఉందా?”

నేను నవ్వబోతుండగా అంకె ఆగిపోయింది. తెర మీద “ఆగింది” అని వచ్చింది. దీపం కూడా ఆరింది.

నా వెనక నిలబడి చూస్తున్న వదిన వెంటనే రెండు చేతులూ పైకెత్తి చూపించింది. నేనూ ఎత్తాను. దొంగల్లా నిలబడ్డ మమ్మల్ని చూసి ఆగక్క తల అడ్డంగా ఊపింది. “దింపండి. ఈసారి మీరు కాదు, నేను చూస్తూనే ఉన్నా.”

“డిస్కు పోయిందేమో అక్కా. లేకపోతే లోపల ఫైలు ఏదైనా చిరిగిందేమో. లేకపోతే—”

“ఒక్కొక్కటి భయపడు, అన్నీ ఒకేసారి ఎందుకు. కాలు జారి పడినవాడు అబ్బా అంటాడా అనడా? ఇది డిస్కు అందక పోలేదు, ఫైలు చదవలేక పోలేదు. అలాంటిదైతే తెర మీద ఏదో ఒకటి గొణిగేది. కిక్కురుమనకుండా పోయింది. ఎవరో ఆగమంటే ఆగినట్టు ఉంది.”

“ఎవరో అంటే?”

 ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది, మళ్లీ వదులు చేసింది, మళ్లీ బిగించింది. తర్వాత తెర మీద ఏదో తెరిచి, కళ్లద్దాలు పైకి జరిపి, చాలాసేపు చూసింది. ఆవిడ చెవులు ఎర్రబడటం నేను చూసింది అదే మొదలు.

“ఈ పెట్టెలో పనులు మొదలుపెట్టించే కాపలా ప్రోగ్రాము ఒకటుంటుంది” అంది, తెర వైపే చూస్తూ. “దానికో గడువు ఉంటుంది. ఇంతలోగా లేవకపోతే చెడిపోయినట్టే, ఆపేయ్ అని. అప్పట్లో మనకి వచ్చే కార్డులు తక్కువ, సర్దుకోవడం చిటికెలో అయ్యేది. ఆ రోజుల్లో పెట్టిన గడువు ఇది. ఇప్పుడు సంసారం ఇంతయింది, గడువు అంతే ఉంది. సగం సర్దుకునేసరికి అది వెళ్లి పీక పట్టుకుంటోంది.”

“ఎవరు పెట్టారక్కా అంత తక్కువ గడువు?” అంది వదిన.

“నేనే.”

 వదిన కళ్లలో వెలుగు చూశాను. ఉదయం నుంచి దాచుకున్న బాకీ అది.

“ఎందుకు పెట్టావు?”

“అప్పట్లో కొంచెం తొందర మనిషిని” అంది ఆగక్క.

వదిన నవ్వు ఆపుకోలేక తలుపు పైకెత్తి బయటికి వెళ్లింది. కాసేపట్లో ల్యాబంతా తెలిసిపోయింది. ఆగక్క ఒకప్పుడు తొందరపడిందన్న వార్త సర్వరు లేవకపోవడం కంటే పెద్దదైంది. ల్యాబు ఊడ్చే ఆవిడ పనిగట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఆగక్క ముఖం చూసి, “నిజమేనమ్మా?” అని అడిగి వెళ్లింది.

ఆగక్క గడువు తీసేసింది. మరేమీ మార్చలేదు. “ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు” అని, మళ్లీ స్టార్ట్ చేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

అంకె పెరుగుతోంది. ఇందాక ఆగిన చోటు దాటింది. నత్తకి పనేమీ లేని రోజున నడిచినట్టు నడుస్తోంది. భోజనాల వేళయింది. పెద్దసారు వచ్చారు.

“మేడమ్, అనుకున్న టైమయింది.”

“కూర్చోండి సార్.”

“కూర్చునే వీల్లేదు, ఆ నర్సు మళ్లీ—”

“సర్దుకుంటోంది సార్. ఆ అంకె చూడండి, ఇంకాస్తే.”

“ఇంకాస్తే అంటే ఎంత?”

ఆగక్క ఫ్లాస్కు మూత నిండా టీ పోసి ఆయన చేతుల్లో పెట్టింది. పొగలు కక్కుతోంది, అంచు దాకా నిండి ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్లు ఇంకో చెయ్యి దేనికీ వాడలేరు, నడవలేరు, గట్టిగా మాట్లాడలేరు కూడా. పెద్దసారు పీట అంచున కూర్చుని, ఊపిరి బిగబట్టి, టీనీ అంకెనీ మార్చి మార్చి చూశారు. ఆవిడ అంత నిండుగా పోసింది మర్యాద కోసమేనని ఆయన ఈనాటికీ అనుకుంటున్నారు.

అంకె మళ్లీ ఆగింది.

“అయిపోయింది” అన్నాను.  ఆ చిల్లుల కార్డు కళ్ల ముందు తిరుగుతోంది. కీబోర్డు నా చేతికి అందే దూరంలోనే ఉంది. ఇంకోసారి, ఒక్కసారి ఆపి చూస్తే అనిపించింది. చెయ్యి కదిలింది కూడా.

ఆగక్క నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏమీ కాదు, రోడ్డు దాటేటప్పుడు పిల్లల్ని పట్టుకున్నట్టు.

“అంకె ఆగింది. దీపం చూడు.”

దీపం మిణుకుమంటూనే ఉంది.

“సర్దినవన్నీ ఇప్పుడు బీరువాల్లో పెడుతోంది. దానికి అంకె ఉండదు.”

నా మణికట్టు వదల్లేదు. పెద్దసారు టీ తాగలేదు. ఆవిడ చేతివేళ్లు చల్లగా ఉండటం అప్పుడు గమనించాను. గది చలి వల్లే అనుకున్నాను. ఆవిడ కూడా భయపడుతోందని కాసేపటికి గానీ నాకు తట్టలేదు.

తర్వాత తెర మీద ఒక చిన్న వాక్యం వచ్చింది. కనెక్షన్లు తీసుకోవడానికి సిద్ధం, అని.  పక్క గదిలోంచి వదిన, “వచ్చింది, ఫలితాల లిస్టు వచ్చింది” అని కేక పెట్టింది. ఆగక్క నా చెయ్యి వదిలి, శాలువా సర్దుకుని, “సార్, టీ చల్లారిపోతుంది” అంది.

మొదట ఆ నర్సు అడిగిన బిడ్డ పేజీ తెరిచాను. అంకెలున్నాయి. థైరాయిడ్ అంకె ఉండకూడని చోట ఉంది. డాక్టరుకి నేనే ఫోను చేసి చదివాను. ఆ మధ్యాహ్నమే మందు మొదలుపెట్టారు. రోజుకో మాత్ర, అదీ నలిపి పాలచుక్కలో కలిపి ఇచ్చేంత చిన్నది. ఇంకాస్త ఆలస్యమైతే ఏం జరిగి ఉండేదో నాకు తెలుసు. అది చదువుకునే కదా ఈ ఉద్యోగంలోకి వచ్చాను. కనుక దాని గురించి ఇక్కడ రాయను.

సోమవారం నుంచి వచ్చినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. సరిగ్గా కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫలితం సగంలో ఉంది కాబట్టి, సగం రాతని డేటాబేసు కొట్టేసింది. ఆ కార్డు వెతికి తీశాను. ఒక చుక్క నిండుగా మిగిలి ఉంది. బిళ్ల కత్తిరించి నేనే మిషన్లో పెట్టాను. ఎవరికీ మళ్లీ గుచ్చక్కర్లేదు.

సాయంత్రం ఆగక్క కుళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. కొత్త డిస్కు అర్జీ మీద సంతకం అయిందట. దానితో పాటు పెద్దసారు తన ఫోటోలకీ కాపీ తీసిపెట్టమన్నారట.

“అక్కా, ఎంతసేపు ఆగాలో నీకెలా తెలుస్తుంది? ఆగకూడని చోట ఆగితే?”

“నాకూ తెలియదు. తెలిసుంటే ఆ గడువు అలా పెట్టేదాన్నా?” ఫ్లాస్కు బోర్లించి నీళ్లు దులిపింది. “గడియారం చూడకు. దాన్ని చూడు. కదులుతుంటే కూర్చో. కదలకపోతే లే. చూడకుండా మాత్రం లేవకు.”

ఇది జరిగి ఏడాది దాటింది. మా అమ్మాయి ఇప్పుడు చెప్పులు తనే తొడుక్కుంటానని పేచీ పెడుతుంది. ఎడమది కుడికాలికి పెడుతుంది, తీస్తుంది, మళ్లీ అదే కాలికి పెడుతుంది, చెప్పుని తిడుతుంది. గుమ్మంలో మా ఆవిడ సంచి పట్టుకుని నిలబడి ఉంటుంది. నేను గడియారం వైపు వీపు పెట్టి, నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని ఆ చిన్న వేళ్లనే చూస్తుంటాను. కదులుతున్నాయి. కూర్చుంటాను.